బండి అడుగు

బండి మొహం నేను ఆఖర్న చూస్తాను.
చీమకుర్తి రోడ్డులో కాటా పక్కన రేకుల షెడ్డు నాది.
గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా కిందికి దూరితే
ఎవరు ఎక్కడ తిరిగొచ్చారో
అంటుకున్న మట్టి చెబుతుంది.
ఎర్రగా ఉంటే కనిగిరి వైపు,
బోల్టు ఉప్పు తిని ఉబ్బితే కొత్తపట్నం,
బూడిదరంగు పిండి పేరుకుంటే ఇక్కడిదే, మా రాయి,
మా ఊపిరితిత్తుల్లో ఉండేదీ అదే.

తిరునాళ్లు అయిపోయిన రోజుల్లో వచ్చింది
రంగులరాట్నం వాళ్ల ట్రాలీ.
ముందు ట్రాక్టరు, దాని మీద విప్పి కట్టిన కొయ్యగుర్రాలు,
వెనక ఇల్లు.
ఇల్లంటే రెండు చక్రాల మీద పద్నాలుగడుగుల చెక్కపెట్టె.
కిటికీకి పాత చీర, తలుపు మీద పసుపు బొట్లు,
లోపల గ్యాసు స్టవ్వు, ఐదుగురు మనుషులు, ఒక కోడి.

పెంచలయ్య తువ్వాలు దులిపి అన్నాడు:
"గ్రానైటు లారీల వెనకాల పడ్డామన్నా.
టైరు విసిరితే నీళ్ల ట్యాంకు పగిలె, వెనక లైటు వైరు తెగె.
రాత్రి చెక్క చీల్చుకోని ఇది
పిల్లోడి చాప పక్కన లేచింది."
జేబులోంచి తీశాడు.
గెలాక్సీ రాయి. నల్లటి ఒంట్లో బంగారు చుక్కలు.
ఏ దేశంలోనో ఎవరింటి గచ్చో కావాల్సింది,
దారి తప్పి వీళ్ల గచ్చు పగలగొట్టింది.

దూరి చూశాను.
అమ్మవారు పోసిన మొహంలా ప్లైవుడ్డు నిండా గుంటలు.
రేకు కొడదామన్నాడు. వద్దన్నాను.
రేకు రాయితో పోట్లాడుతుంది,
సొట్టపడిన ప్రతిచోటా తుప్పు కాపురం పెడుతుంది.

క్రషర్ వాళ్లు పారేసిన కన్వేయర్ బెల్టు తెచ్చాం,
ఏళ్ల తరబడి కంకర మోసి పైపొర అరిగిన రబ్బరు.
ధాన్యం బస్తా అంత బరువు, ఇద్దరం దొర్లించుకొచ్చాం.
రాయి సంగతి దానికి నేను చెప్పక్కర్లేదు.
రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, ఎండాక
జానెడుకో బోల్టు, బోల్టుకో వెడల్పాటి వాషరు.
మరీ బిగించలేదు.
దెబ్బ తగిలితే కాస్త ఊగి ఊరుకోవాలి గదా.
ఇరుసు ముందు వాలుగా ఒక పలక,
మూలమూలకీ తూట్లు, వాన నీళ్లు కారడానికి.
కప్పడమంటే ఊపిరాడకుండా చేయడం కాదురా అని
మా మేస్త్రీ జిలానీ నేర్పాడు, తిట్లతో సహా.

వెళ్లిపోయారు. పొదిలి, దర్శి, కందుకూరు.

ఇరవై రోజులకి మళ్లీ షెడ్డు ముందు ఆగారు.
బెల్టు ఊడిందేమో అనుకున్నా. ఊడలేదు.
పెంచలయ్య తలొంచుకుని నవ్వుతున్నాడు.
"మాయమ్మ నీతో మాట్టాడాలంట."

చెంగమ్మకి రెండు కళ్లలోనూ పొరలు.
"నాకు ఊళ్లు చెప్పేది ఈ చెక్కేనబ్బయ్యా.
సన్నకంకర టపటపమంటే సింగరాయకొండ దాటినట్టు,
బోలు మోత వస్తే మన్నేరు మీద ఉన్నట్టు.
ఇప్పుడు దూదిలో పెట్టి మోస్తన్నట్టుండాది.
మెలకువొస్తే ఎక్కడుండానో తెలీదు.
మొన్న కోవూరులో దిగి, కావలి అనుకున్నా."

ముందు కోపమొచ్చింది.
పని మరీ బాగుందని
ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మళ్లీ వెల్లకిలా దూరాను.
ఆమె లోపల పడుకుని, తలగడ ఉండే చోట
మూడుసార్లు తట్టింది.
కింది నుంచి నేను తట్టాను.
మధ్యన అరంగుళం చెక్క.
సుద్దతో గీసి, జానెడు చదరం రబ్బరు కోశాను.
ఖాళీగా వదిలితే రాయి ఆమె తలకే వస్తుంది.
రేకు వద్దన్న నోటితోనే రేకు అడిగాను.
ఆమె తన స్టీలు కంచం అందించింది,
అంచున చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు.
బోర్లించి బిగించాను. సొట్టలు పడితే పడనీ.

బోల్టులకి నలభై రూపాయలు తీసుకున్నా.
ట్రాక్టరు కదిలింది.
షెడ్డు ముందు కంకరలో మొదటి రాయి
ఎగిరి ఠంగుమని కంచానికి తగిలింది.
లోపల్నుంచి ముసలిగొంతు అరిచింది,
"చీమకుర్తి!"